మాస్టారి జవాబులు: బీటిల్స్ వెనక జార్జ్ మార్టిన్

2026 జనవరి 3కి బీటిల్స్ రికార్డుల ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ పుట్టి నూరేళ్లు. అదే ఏడు మార్చి 8కి ఆయన పోయి పదేళ్లు. బీటిల్స్ అంటే ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ అనే రేవు పట్నం నుంచి వచ్చిన నలుగురి రాక్ బృందం: జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. పోయిన సంచికలో బీటిల్స్ పాట ‘యెస్టర్‌డే’లో వినిపించే తీగ వాయిద్యాల గురించి ఒక పాఠకుడు అడిగితే రెండు ముక్కల్లో జవాబు రాసి, మార్టిన్ పేరు చెప్పి వదిలేశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి రాగాలూ తాళాలూ పక్కనపెట్టి ఆయన మీద వచ్చిన ప్రశ్నలే తీసుకున్నాను. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ఏళ్ల తరబడి వయొలిన్ వాయించి బతికినవాణ్ని. ఆయన పనిని ఆ కుర్చీలోంచే చూస్తాను.

బీటిల్స్ నలుగురూ పాటలు వాళ్లే రాసుకున్నారు, బాణీలు వాళ్లే కట్టుకున్నారు, వాళ్లే వాయించి వాళ్లే పాడారు. మరి ప్రొడ్యూసర్‌గా మార్టిన్ చేసిందేమిటి? డబ్బు పెట్టాడా?
— డిగ్రీ విద్యార్థి, గుంటూరు

డబ్బు ఆయనది కాదు, ఈఎంఐ కంపెనీది. గ్రామఫోను ముందు కూచున్న కుక్క బొమ్మ రికార్డులు మీ ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి, ఆ హెచ్ఎంవీ గుర్తు కూడా అప్పట్లో ఆ కంపెనీదే. మన దేశంలో అమ్మిన బీటిల్స్ రికార్డులూ, మన పాటల హెచ్ఎంవీ రికార్డులూ తయారైంది కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో ఉన్న ఫ్యాక్టరీలోనే. ఆ ఈఎంఐ కింద లండన్లో పార్లోఫోన్ అని ఒక చిన్న లేబుల్, అంటే రికార్డుల బ్రాండు, ఉండేది. మార్టిన్ దానికి హెడ్డు, జీతం మీద పనిచేసే ఉద్యోగి. ఏ పాట రికార్డు చెయ్యాలి, ఎంత వేగంలో వాయించాలి, ఏ టేక్ (ఒకసారి వాయించి రికార్డు చేసినది) ఉంచాలి, ఏది పారెయ్యాలి అన్నది ఆయనే చూసుకోవాలి.

మన సినిమా పాటలు తయారయ్యే తీరు తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. సంగీత దర్శకుడు హార్మోనియం మీద బాణీ కడతాడు. ఆ బాణీ వెనక వయొలిన్లు ఏం వాయించాలి, ఫ్లూట్ ఎక్కడ అందుకోవాలి, రెండో చరణం ముందు బీజీఎం ఎన్ని బార్లు (తాళం ఆవర్తనాలు) రావాలి, ఇవన్నీ చాలాసార్లు అరేంజర్ రాసేవాడు. మా స్టాండ్ల మీదికి వచ్చే, స్వరాలు రాసిన నొటేషన్ కాగితం ఆయన చేతిరాతలోనే ఉండేది. టేక్ ఓకే చెప్పేవాడు ఇంకొకరు. ఈ పనులన్నీ ఒక్క మనిషి చేశాడనుకోండి, ఆయనే మార్టిన్. బీటిల్స్ నలుగురిలో ఒక్కరికీ నొటేషన్ చదవడం, రాయడం రాదు. ఆ మాట వాళ్లే చాలాసార్లు చెప్పారు.

ఒకటి రెండు ఉదాహరణలు చెబుతాను. ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ పాటని జాన్ లెనన్ మొదట నెమ్మదిగా, మూలుగుతున్నట్టు కట్టాడు. మార్టిన్ విని, ఇది ఇలా సాగదు, వేగం పెంచి పట్టుకురండి అన్నాడు. 1962 నవంబరు 26న దాన్ని పరుగులు పెట్టించి రికార్డు చేశారు. అయిపోగానే మార్టిన్ పై గదిలోంచి మైకులో, మీ మొదటి నంబర్ వన్ పాట ఇప్పుడే రికార్డు చేశారు అని చెప్పాడు. కొద్ది నెలల్లోనే అది ఇంగ్లండ్‌లో చాలా చార్టుల్లో మొదటి స్థానానికి చేరింది. 1964 జనవరిలో పారిస్‌లో ‘కాంట్ బై మీ లవ్’ రికార్డు చేస్తున్నారు. పాట చరణంతో మొదలవుతోంది. పల్లవితోనే ఎత్తుకోండి అన్నాడు మార్టిన్. మన పాట ఎప్పుడూ పల్లవితోనే మొదలవుతుంది కాబట్టి మనకిదేమంత గొప్పగా అనిపించదు. ఆ పాట మాత్రం ఆ ఒక్క మార్పుతో మొదటి క్షణంలోనే చెవి పట్టుకుని లాగుతుంది.

నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఇంకొకటి. 1962 సెప్టెంబరులో వాళ్లింకా ఎవరికీ తెలియని కుర్రాళ్లు. మిచ్ ముర్రే అనే రచయిత కట్టిన ‘హౌ డూ యు డూ ఇట్’ పాట తెచ్చి, ఇది రికార్డు చెయ్యండి, హిట్టవుతుంది అన్నాడు మార్టిన్. చేశారు. చేసి, మాకు మా పాటే కావాలి అన్నారు. కొత్త కుర్రాళ్లు కంపెనీ మనిషితో ఆ మాట అనడం అప్పట్లో చిన్న విషయం కాదు. ఆయన వాళ్ల పాట ‘లవ్ మీ డూ’నే విడుదల చేశాడు. పక్కన పెట్టిన ఆ పాటని మరుసటి ఏడు లివర్‌పూల్ నుంచే వచ్చిన ఇంకో బృందం చేత పాడించాడు, అది నంబర్ వన్ అయింది. అంటే పాట విషయంలో ఆయన అంచనా తప్పలేదు. అయినా ఆ నలుగురి మాట విన్నాడు. ఆ రోజు మొండిపట్టు పట్టి ఉంటే, తమ పాట తామే రాసుకునే బృందంగా వాళ్లు ఎదగడానికి ఎంతకాలం పట్టేదో!

మాస్టారూ, మీరు రాశాక ‘యెస్టర్‌డే’ విన్నాను. అందులో వయొలిన్లు సినిమా పాటల్లో వయొలిన్లలా లేవు. ఏదో బోసిగా, నిటారుగా ఉన్నాయి. ఎందుకని?
— వయొలిన్ విద్యార్థిని, విజయనగరం

నీ చెవి మంచి చెవి అమ్మా. ఆ బోసితనం కావాలనే తెచ్చింది.

1965 జూన్ 14న పాల్ మెకార్ట్నీ ఆ పాటని గిటార్ ఒక్కటి పట్టుకుని పాడాడు. మిగతా ముగ్గురికీ అందులో వాయించడానికి ఏమీ కనిపించలేదు. స్ట్రింగ్ క్వార్టెట్ పెడదాం అన్నాడు మార్టిన్. అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది), ఒక సెల్లో (ఇంకా పెద్దది, కింది స్వరాలు పలికేది). మెకార్ట్నీకి నచ్చలేదు. మేం రాక్ అండ్ రోల్ బృందం, మాకు ఇవేంటి అన్నాడు. సరే, చేసి చూద్దాం, బాగాలేకపోతే తీసేసి నువ్వొక్కడివే పాడినది ఉంచుదాం అన్నాడు మార్టిన్. ఆయన పోయినప్పుడు మెకార్ట్నీ రాసిన నివాళిలో ఈ సంగతే చెప్పుకున్నాడు.

తర్వాత మెకార్ట్నీ ఆయన ఇంటికి వెళ్లాడు. ఇద్దరూ పియానో దగ్గర కూచున్నారు. గిటార్ మీద ఒకేసారి మోగే స్వరాల్లో ఏది కిందికి సెల్లోకి ఇవ్వాలి, ఏది పైకి మొదటి వయొలిన్‌కి ఇవ్వాలి అని మార్టిన్ పంచుకుంటూ వెళ్లాడు. మెకార్ట్నీ చూస్తూ ఊరుకోలేదు. సెల్లోకి ఒక చిన్న సంగతి తనే చెప్పాడు. పాఠ్యపుస్తకం ప్రకారం క్వార్టెట్‌లో అలాంటి స్వరం పడదు, జాజ్ వాళ్ల వాసన ఉంటుంది దానికి. మార్టిన్ దాన్ని అలాగే ఉంచాడు. చివర్లో మొదటి వయొలిన్ పైస్వరం మీద కదలకుండా నిలబడుతుంది చూడు, అది కూడా మెకార్ట్నీ కోరిందే.

జూన్ 17న వాయిద్యకారులు వచ్చారు. వాళ్లు అలవాటు ప్రకారం వైబ్రాటోతో వాయించారు. ఎడమచేతి వేలు తీగ మీద పెట్టి సన్నగా ఊపుతాం కదా, అదే. మెకార్ట్నీ అది వద్దన్నాడు. పూర్తిగా మానడం వాళ్ల వల్ల కాలేదు గానీ బాగా తగ్గించారు. దీని కష్టం నీకు చెప్పాలి. విషాద గీతం అనగానే మా వేళ్లు వాటంతట అవే ఊగేవి. ఆ ఊపు స్వరం చుట్టూ కాస్త చోటు ఇస్తుంది, శ్రుతి ఆవగింజంత అటూ ఇటూ అయినా కప్పేస్తుంది. ఊపు తీసేస్తే దాక్కోవడానికి చోటుండదు. కమాను ఒత్తిడి ఎక్కడ తగ్గిందో కూడా వినబడుతుంది. ‘యెస్టర్‌డే’ పాట కన్నీళ్లు కార్పించే పాటగా మారిపోకుండా ఆపింది ఆ తగ్గింపే. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఒక దీర్ఘ స్వరాన్ని కమాను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేలు కదపకుండా వాయించి చూడు, నేనేమంటున్నానో నీకే తెలుస్తుంది.

ఇది నచ్చితే ‘ఎలినార్ రిగ్బీ’ తప్పకుండా విను. 1966 ఏప్రిల్ 28న రికార్డయింది. 4 వయొలిన్లు, 2 వయోలాలు, 2 సెల్లోలు. ఆ పాటలో బీటిల్స్ గొంతులే ఉన్నాయి, నలుగురిలో ఎవరి వాయిద్యమూ లేదు. హాలీవుడ్ సినిమాలకి నేపథ్య సంగీతం రాసిన బెర్నార్డ్ హెర్మన్ పద్ధతి మనసులో పెట్టుకుని మార్టిన్ తీగల చేత కోసినట్టు, పొడిచినట్టు పొట్టి పొట్టి దెబ్బలు వేయించాడు. వయొలిన్లంటే మెత్తదనం అనుకునే పాప్ పాటల్లో అది కొత్త. పైగా సౌండ్ ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ మైకుల్ని తీగలకి దాదాపు ఆనించి పెట్టాడు. వాయిద్యకారులకి అది నచ్చక, టేక్‌కీ టేక్‌కీ మధ్య కుర్చీలు వెనక్కి జరుపుకునేవాళ్లట. మళ్లీ ముందుకి రమ్మని చెప్పాల్సి వచ్చేది. ఆ భయం నాకు తెలుసు. మైకు అంత దగ్గరుంటే కమాను తీగని గీరిన చప్పుడు, ముక్కుతో తీసిన ఊపిరి, అన్నీ టేపు మీదికి ఎక్కుతాయి. ఆ పాటలో ఆ గీరుడే కావాలి. అందరూ ఉన్నా ఒంటరిగా బతికే మనుషుల పాట అది, నున్నటి వయొలిన్లు దానికి నప్పవు.

ఆయన శాస్త్రీయ సంగీతం చదువుకున్న పెద్దింటి దొర అని విన్నాను. రేవు పట్నం కుర్రాళ్లతో ఎలా కుదిరింది?
— బ్యాంకు ఉద్యోగి, నిజామాబాద్

పెద్దింటి దొర అన్నది ఆయన మాటతీరూ, కట్టుబొట్టూ చూసి జనం అనుకున్నది. నిజానికి ఆయన లండన్లో ఒక వడ్రంగి కొడుకు. పియానో చాలామటుకు సొంతంగా నేర్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళం విమాన విభాగంలో పనిచేసి, అది అయ్యాక 1947లో గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయంలో చేరి మూడేళ్లు చదివాడు. ఓబో అనే ఊదే వాయిద్యం అక్కడే నేర్చుకున్నాడు. 1950లో పార్లోఫోన్‌లో అసిస్టెంట్‌గా చేరి 1955లో, ఇరవై తొమ్మిదేళ్లకే దానికి అధిపతి అయ్యాడు.

ఆ లేబుల్‌కి పెద్ద గాయకులెవరూ లేరు. అందుకని ఆయన హాస్యం రికార్డుల మీద పడ్డాడు. పీటర్ సెల్లర్స్, స్పైక్ మిలిగన్ లాంటి హాస్యనటులతో చేసిన ఆ రికార్డుల్లో శబ్దాలతోనే కథ నడపాలి. తలుపు చప్పుడు, టేపు వేగం మార్చి తెచ్చిన గొంతు, అతుకులు, కోతలు, అన్నీ ఆయన అక్కడే నేర్చుకున్నాడు. 1960లో సెల్లర్స్ భారతీయ డాక్టరుగా, సోఫియా లోరెన్ రోగిగా పాడిన ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’ కూడా ఆయన చేసిందే. ఆ యాస అనుకరణ ఇవాళ మన చెవికి ఇంపుగా ఉండదు. కానీ లెనన్‌కి సెల్లర్స్, మిలిగన్ అంటే ప్రాణం. వాళ్లతో పనిచేసిన మనిషి అని తెలిశాక ఈ టై కట్టుకున్న పెద్దమనిషి మీద కుర్రాళ్లకి గౌరవం పెరిగింది.

ఆ టై సంగతి కూడా చెప్పాలి. 1962 జూన్ 6న వాళ్లు మొదటిసారి అబ్బే రోడ్డు స్టూడియోకి వచ్చారు. అప్పటికే డెక్కా అనే ఇంకో రికార్డు కంపెనీ వద్దని పంపేసింది. వాయించడం అయ్యాక మార్టిన్ పై గదికి పిలిచి, లోపాలన్నీ చాలాసేపు చెప్పాడు. చివర్లో, మీకు నచ్చనిదేమైనా ఉంటే చెప్పండి అన్నాడు. ముందుగా మీ టై నాకు నచ్చలేదు అన్నాడు జార్జ్ హారిసన్. ఒక్క క్షణం అందరూ బిగుసుకుపోయి, ఆ వెంటనే నవ్వులు. ఆ తర్వాత పావుగంటో, అరగంటో వాళ్లు ఆయన్ని నవ్విస్తూనే ఉన్నారు. వాళ్ల పాటల కంటే ఆ రోజు ఆయనకి నచ్చింది వాళ్ల చలాకీతనమే.

నేను సౌండ్ ఎడిటింగ్ చేస్తుంటాను. ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ రెండు వేరు వేరు రికార్డింగులు అతికించి చేశారని చదివాను. కంప్యూటర్ లేకుండా ఎలా సాధ్యం?
— హైదరాబాద్

ఈ ప్రశ్న వచ్చినందుకు చాలా సంతోషించాను. ఆ పాటని 1966 చివర్లో రెండు రకాలుగా రికార్డు చేశారు. ఒకటి నెమ్మదిగా, బృందం మాత్రమే వాయించినది. రెండోది ట్రంపెట్లూ సెల్లోలూ పెట్టి, వేగంగా, గట్టిగా. లెనన్ రెండూ విని, దీని మొదలు బాగుంది, దాని చివర బాగుంది, కలిపెయ్యండి అన్నాడు. రెండూ వేరే శ్రుతుల్లో ఉన్నాయి, వేరే వేగాల్లో ఉన్నాయి అన్నాడు మార్టిన్. మీరు చెయ్యగలరు అని లెనన్ వెళ్లిపోయాడు.

మీ కంప్యూటర్లో అయితే శ్రుతి కదలకుండా వేగం మారుస్తారు, వేగం కదలకుండా శ్రుతి మారుస్తారు. టేపుకి ఆ సౌకర్యం లేదు. వేగం పెంచితే శ్రుతీ పెరుగుతుంది, తగ్గిస్తే శ్రుతీ దిగుతుంది. అదృష్టం ఎక్కడ కలిసొచ్చిందంటే, నెమ్మదిగా ఉన్నదే శ్రుతిలో కిందుంది, వేగంగా ఉన్నదే శ్రుతిలో పైనుంది. మొదటిదాన్ని కాస్త పెంచి, రెండోదాన్ని తగ్గిస్తే రెండూ ఒకే చోట కలుస్తున్నాయి. డిసెంబరు 22న మార్టిన్, ఎమెరిక్ కలిసి టేపు కోసి అతికించారు. పాట మొదలైన సుమారు నిమిషానికి ఆ అతుకు ఉంటుంది. అక్కడినుంచి లెనన్ గొంతు కొంచెం బరువెక్కి, మత్తులో ఉన్నట్టు మారుతుంది. వేగం తగ్గించడం వల్ల వచ్చిన మార్పు అది. పాట అడిగింది కూడా అచ్చంగా ఆ మత్తునే.

అదే పద్ధతిని ఆయన అంతకుముందే వేరే పనికి వాడాడు. 1965లో ‘ఇన్ మై లైఫ్’ పాట మధ్యలో ఖాళీ ఉంది. పాతకాలపు పాశ్చాత్య సంగీతకర్త బాఖ్ కాలం నాటి సంగీతంలా ఏదైనా కావాలన్నాడు లెనన్. మార్టిన్ రాసుకున్న పియానో ముక్క ఆ వేగంలో తన వేళ్లకి అందలేదు. టేపుని సగం వేగంలో తిప్పి, ఒక స్థాయి కిందికి దిగి నెమ్మదిగా వాయించాడు. మామూలు వేగంలో వేస్తే అది రెట్టింపు వేగంతో పై స్థాయిలో, పియానోకి ముందు తరం వాయిద్యమైన హార్ప్సికార్డ్‌లా పలికింది. వాళ్లు టీ తాగి వచ్చేసరికి అయిపోయిందట.

‘ఎ డే ఇన్ ద లైఫ్’ గురించి రాయకపోతే వాయిద్యకారుడిగా నాకు తృప్తి ఉండదు. ఆ పాటలో 24 బార్ల ఖాళీ వదిలారు. దాన్ని ఆర్కెస్ట్రాతో నింపాలి, ఏమీ లేని చోటునుంచి మొదలై ఎక్కడికో వెళ్లిపోవాలి అన్నారు. మెకార్ట్నీ అడిగింది 90 మంది వాయిద్యకారుల్ని. మార్టిన్ 40 మందితో సరిపెట్టి, 1967 ఫిబ్రవరి 10న వాళ్ల చేత నాలుగుసార్లు వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. కాగితం మీద ఆయన రాసింది ఇదీ: ప్రతి వాయిద్యానికీ అది పలికే అతి కింది స్వరం మొదట్లో, చివర్లో పై స్వరం, ఎన్నో బార్‌కి సుమారుగా ఎక్కడుండాలో గుర్తులు, మధ్యలో మెలికలు తిరిగిన గీత. ఇక చెప్పిన మాట, పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినొద్దు, ఎవరి దారిన వాళ్లు పైకి ఎక్కండి.

ఆ మాట వింటే మా వాళ్లలో సగం మంది కుర్చీలోంచి లేచేవాళ్లు. జీవితమంతా మాకు నేర్పింది పక్కవాడితో కలిసి వాయించమనే. ఎనిమిది వయొలిన్లు ఒక్క వయొలిన్‌లా వినిపించకపోతే కండక్టర్ కళ్లెర్రజేసేవాడు. లండన్లో పెద్ద ఆర్కెస్ట్రాలలో పనిచేసే నిపుణుల చేత, వాళ్ల భాషలో కాగితం రాసి, ఎదురుగా నిలబడి చేతులతో సైగలు చేసి, ఆ పని చేయించగలిగాడంటే వాళ్లకి ఆయన మీద నమ్మకం ఉండబట్టే. ఇది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు వెళ్లి అడిగితే అయ్యే పని కాదు.

హారిసన్ సితార్ పట్టుకున్నాక మార్టిన్‌కి మన సంగీతం అర్థమైందా?
— రిటైర్డ్ టీచర్, రాజమండ్రి

మన సంగీతం ఆయన నేర్చుకోలేదు. కానీ దానికి ఎదురుపడినప్పుడు ఆయన చేసిన పని నాకు ఎంతో నచ్చుతుంది. 1967 నాటి ‘విదిన్ యు వితౌట్ యు’ హారిసన్ పాట. లండన్లో ఉన్న భారతీయ కళాకారులు దిల్‌రుబా, తబలా, స్వరమండలం, తంబూరా వాయించారు. మిగతా ముగ్గురు బీటిల్స్ అందులో లేరు. ఏప్రిల్ 3న మార్టిన్ దానికి 8 వయొలిన్లు, 3 సెల్లోలు కలిపాడు.

దిల్‌రుబా కమానుతో వాయించేది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ వెళ్తుంది. కర్ణాటక వయొలిన్ నేర్చుకునేవాడికి జారు మొదటి ఏడాదే వేళ్లకి పడుతుంది. పాశ్చాత్య వయొలిన్ వాళ్లకి స్వరానికీ స్వరానికీ మధ్య జారడం అంటే, ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, అపశ్రుతి కిందే లెక్క. మార్టిన్ ఆ జారుళ్లన్నీ విని, వాళ్లు చదవగలిగే నొటేషన్లో ఎక్కడ బయలుదేరాలో, ఎక్కడ చేరాలో రాసిచ్చాడు. హారిసన్ పక్కనే నిలబడి వాళ్లకి ఎలా పలకాలో చెప్పాడు. పాట మధ్యలో దిల్‌రుబా ఒక వాక్యం అంటే వయొలిన్లు దానికి బదులిస్తాయి. వినండి, కచేరీలో గాత్రం వెంట పక్కవాద్యం వెళ్లినట్టే ఉంటుంది. మద్రాసులో మేం రోజూ ఈ రెండు పద్ధతుల మధ్యే బతికాం. ముందున్నది పాశ్చాత్యుల స్టాఫ్ నొటేషన్, వెయ్యాల్సింది గమకం. కాగితం మీద గమకం ఎంత తక్కువ పడుతుందో నాకు తెలుసు కాబట్టి, మొదటిసారే ఆయన అంత దగ్గరగా పట్టుకోవడం చూసి ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

హారిసన్ పాటల మీద తొలి రోజుల్లో తగినంత శ్రద్ధ పెట్టలేదని మార్టిన్ తర్వాత రోజుల్లో బాహాటంగానే చెప్పాడు. లెనన్, మెకార్ట్నీ జోరులో అతను వెనకబడ్డాడు.

ఇంత చేసిన మనిషికి కంపెనీ ఏమిచ్చింది?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, డాలస్

జీతం ఇచ్చింది. 1963లో ఆయన చేసిన రికార్డులు ఇంగ్లండ్‌లో 37 వారాలు మొదటి స్థానంలో ఉన్నాయి. ఆయన జీతం అప్పుడు ఏడాదికి సుమారు 3,000 పౌండ్లు, అమ్మకాల మీద వాటా ఒక్క పైసా లేదు. ఆ ఏడు క్రిస్మస్ బోనస్ కూడా దక్కలేదు. 1965లో ఉద్యోగం వదిలి, మరికొందరు ప్రొడ్యూసర్లతో కలిసి ఎయిర్ అనే సొంత సంస్థ పెట్టుకున్నాడు. బీటిల్స్ ఆయనతోనే పనిచేస్తామన్నారు కాబట్టి, అదే కంపెనీ బయటి మనిషిగా ఆయన్ని మళ్లీ పిలవాల్సి వచ్చింది. తర్వాత ఆయన సంస్థ కరీబియన్ దీవి మాంట్సెరాట్‌లో కట్టిన స్టూడియో 1989 తుపానులో నాశనమైంది. 1996లో సర్ బిరుదు వచ్చింది. చెవులు దెబ్బతిని వినికిడి తగ్గడం ఆయన ముసలితనంలో పెద్ద దుఃఖం. కొడుకు జైల్స్ ఆ పని అందుకున్నాడు, 2006లో బీటిల్స్ టేపులతో చేసిన ‘లవ్’ తండ్రీ కొడుకులిద్దరిదీ.

లెనన్ ఒక ఇంటర్వ్యూలో మార్టిన్‌ని తీసిపారేశాడు కదా. ‘ఐదో బీటిల్’ అనడం అతి కాదా?
— వరంగల్

బృందం విడిపోయిన కోపంలో లెనన్ చాలామందిని తీసిపారేశాడు. మార్టిన్‌కి అది బాగా తగిలింది. అదే లెనన్ వేరే సందర్భంలో, వాయిద్యకారులతో మాట్లాడే భాష ఆయనే మాకు నేర్పాడని ఒప్పుకున్నాడు. రెండూ అతని మాటలే. నేను రెండోదాని వైపు ఉంటాను, ఎందుకంటే దానికి సాక్ష్యం రికార్డుల్లో ఉంది.

ఐదో బీటిల్ అని పిలవదగ్గవాడు ఎవరైనా ఉంటే అది జార్జ్ మార్టినేనని 2016లో మెకార్ట్నీ రాశాడు. మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్‌కి ఆ పేరు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. డెక్కా కాదన్నాక ఆ టేపులు పట్టుకుని మార్టిన్ గుమ్మం దాకా వచ్చింది ఎప్‌స్టీనే కాబట్టి వాళ్ల మాట కొట్టెయ్యలేను. స్టూడియోలో కూడా మార్టిన్ ఒక్కడే కాదు. తొలి రికార్డుల ఇంజినీర్ నార్మన్ స్మిత్, తర్వాత ఎమెరిక్, ఒకే గొంతుని రెండుగా వినిపించే పద్ధతి కనిపెట్టిన కెన్ టౌన్‌సెండ్, వీళ్లందరి చేతులూ ఉన్నాయి. పాట పుట్టింది మాత్రం ఆ కుర్రాళ్ల దగ్గరే. ఆయన ఎప్పుడూ వేరేలా చెప్పలేదు.

గొడవలూ ఉన్నాయి. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ పాటకి స్ట్రింగ్స్ రాయమని మెకార్ట్నీ అడిగిన రోజు మార్టిన్‌కి వేరే గాయని రికార్డింగ్ ఉంది. మెకార్ట్నీ ఆగలేక ఇంకొకరి చేత రాయించాడు. మార్టిన్ ఎంతో నొచ్చుకున్నాడు. అయినా ఆ కాగితాలే స్టాండ్ల మీద పెట్టించి రికార్డింగ్ తనే నడిపాడు. ఇలాంటి పరిస్థితుల్లో థియేటర్‌కే రాని పెద్దల్ని నేను చూశాను, అందుకే ఈ సంగతి ఎప్పుడు తల్చుకున్నా ఆయన మీద అభిమానం పెరుగుతుంది.

1969లో రికార్డు చేసిన ‘లెట్ ఇట్ బి’ టేపుల్ని తర్వాత ఫిల్ స్పెక్టర్ అనే అమెరికన్ ప్రొడ్యూసర్‌కి అప్పగించారు. అతను మెకార్ట్నీ పాట మీద పెద్ద ఆర్కెస్ట్రా, ఆడవాళ్ల కోరస్ కుమ్మరించాడు. మెకార్ట్నీ మండిపడ్డాడు. ‘యెస్టర్‌డే’కి నాలుగు వాయిద్యాలు చాలు అన్న మనిషి విలువ అక్కడ కనిపిస్తుంది. ఆ 1969లోనే, పాతరోజుల్లోలాగా ఒక ఆల్బమ్ చేద్దాం రమ్మని మెకార్ట్నీ అడిగితే, మీరు కూడా పాతరోజుల్లోలాగే ఉంటానంటే వస్తానన్నాడు మార్టిన్. ఉన్నారు. ‘అబ్బే రోడ్’ అలా వచ్చింది.

నాకు ఇంగ్లీషు పాటలు అలవాటు లేదు. మార్టిన్ పనితనం వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— గృహిణి, ఏలూరు

మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదమ్మా, తీగలు వినండి. 1996లో వచ్చిన ‘ఆంథాలజీ 2’ సంపుటంలో ‘యెస్టర్‌డే’ మొదటి టేక్ ఉంది, అందులో క్వార్టెట్ లేదు. ముందు అది విని, వెంటనే అసలు రికార్డు వినండి. అదే సంపుటంలో ‘ఎలినార్ రిగ్బీ’ గొంతులు లేకుండా వట్టి తీగ వాయిద్యాలతో ఉంది. ‘విదిన్ యు వితౌట్ యు’ కూడా పాట లేకుండా వాయిద్యాలతోనే ఉంది, దిల్‌రుబా వెంట వయొలిన్లు ఎలా జారాయో అక్కడ బాగా తెలుస్తుంది. ఈ మూడూ అయ్యాక ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్’కి వెళ్లండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, సెల్లోలు సగం పోతాయి. మీ పిల్లల ఇయర్‌ఫోన్స్ అడిగి తీసుకోండి.

మోహనకీ భూపాళానికీ తేడా అడిగిన ఇద్దరి ఉత్తరాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వచ్చే సంచికలో మొదటి జవాబు వాళ్లకే.